గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకముల రాక



ఒక గ్రామమున గ్రంథాలయమును నెలకొల్పుట కష్టమైన పనియే. కాని నెలకొల్పిన గ్రంథాలయమును పదియేండ్లు బ్రదికించుట అంతకంటె కష్టము. ప్రారంభోత్సవము నాడు గుమ్మమునకు మామిడాకుల తోరణములు కట్టుదురు, వక్తలు వచ్చెదరు, దాతలు తలకు రెండు పుస్తకములు తెచ్చి యిత్తురు. ఆ విధముగ చేరిన నూరు, నూటయేబది పుస్తకములను ఊరిలోని చదువరులు ఒకటి రెండేండ్లలో చదివి ముగింతురు. మూడవ యేట క్రొత్త పుస్తకము రాకపోయెనా, సాయంకాలము వచ్చువారి సంఖ్య తగ్గును; బీరువా తాళపుచెవి యెవరియొద్ద నున్నదో ఎవరికిని జ్ఞాపకముండదు; తుదకు ఆ పుస్తకములను సాంతముగ చదువునవి చెదపురుగులు మాత్రమే.

కావున గ్రంథాలయముల చరిత్రను చెప్పునపుడు స్థాపన తేదీలను వరుసగ చదివిన చాలదు. క్రొత్త పుస్తకము ఊరికి ఏ త్రోవను వచ్చినది, దాని వెలను ఎవరు చెల్లించిరి, వచ్చిన పిమ్మట అది ఎవరి చేతికి చేరినది అను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మన తెలుగునాట ఈ నూటముప్పది యేండ్లలో పుస్తకము మూడు త్రోవల వచ్చినది. మొదటిది దానము, రెండవది చందా, మూడవది పన్ను. ఈ మూడింటి కథను తెలిసికొన్నచో, మన ఊరి గ్రంథాలయమునకు నేడు పుస్తకము ఎందులకు వచ్చుచున్నదో, లేక ఎందులకు వచ్చుట లేదో మనకే తేటపడును.

అచ్చు రాకముందు పుస్తకమనగా తాటాకుల కట్ట. క్రొత్త పుస్తకము కావలెనన్నచో ఉన్నదానిని ఎరువు తెచ్చి, గంటముతో అక్షరమక్షరము వ్రాయించుకొనవలసినదే. పెద్ద గ్రంథమునకు నెలలు పట్టెడివి. పురుగు తినుటకు ముందే మరియొక ప్రతి వ్రాయింపనిచో ఆ గ్రంథము నశించెడిది. అందుచేత పుస్తకములు రాజాస్థానములందును, మఠములందును, పండితుల యిండ్లయందును మాత్రమే నిలిచెను. సి. పి. బ్రౌను దొర కడపయందు పండితులను, లేఖకులను జీతములిచ్చి పెట్టుకొని, తాళపత్ర ప్రతులను సేకరించి, ఒకదానితో నొకటి సరిచూపించి, శుద్ధప్రతులను వ్రాయించెను. నశించిపోవలసిన గ్రంథములెన్నో ఆ శ్రమచే దక్కినవి. అయినను సేద్యగానికిగాని, నేతగానికిగాని, చిల్లర వర్తకునికిగాని అట్టి పుస్తకములను తాకు యోగము లేకుండెను. వారికి పుస్తకము చెవిద్వారమున వచ్చినది: దేవాలయ మండపమున పురాణ కాలక్షేపముగను, పందిటిలో హరికథగను, బొమ్మలాటగను వచ్చినది.

ఈ స్థితిని మార్చినవి అచ్చుయంత్రము, తపాలా, రైలు అను మూడును. 1854వ సంవత్సరమున వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు చెన్నపట్టణమున ముద్రాక్షరశాలను స్థాపించినప్పటినుండి ప్రాచీన గ్రంథములు కాగితముమీద, సామాన్యులకు అందు వెలకు, లభింపసాగెను. 1877లో తపాలాశాఖవారు వి. పి. పద్ధతిని ప్రవేశపెట్టిరి. అనగా పుస్తకములు అమ్మువాడు చెన్నపట్టణమున నున్నను, కొనువాడు కాలువగట్టు పల్లెలో నున్నను, తపాలా జవాను కట్టను తెచ్చి చేతికిచ్చి వెలను పుచ్చుకొని పోవును. ఒకరి నొకరు ఎరుగని ఇద్దరి మధ్య నమ్మకమునకు తపాలాశాఖ పూటపడినది. పందొమ్మిదవ శతాబ్దము ముగియుసరికి మదరాసు, బెజవాడ, హైదరాబాదు పట్టణములు రైలుదారిచే కలుపబడినవి. పుస్తకము ప్రయాణము చేయుటకు త్రోవ యేర్పడినది. ఇక దానిని పిలుచువారు కావలెను.

ఆ పిలిచినవారిలో పల్లెటూరివారే ముందుండిరని చెప్పుకొనుట మనకు గర్వకారణము. భీమవరమునకు చేరువనున్న కుముదవల్లి గ్రామమున 1897లో భూపతిరాజు తిరుపతిరాజుగారు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయమును స్థాపించిరి. అప్పటికి కందుకూరి వీరేశలింగము పంతులుగారు జీవించియే యున్నారు. సంఘసంస్కారము నిమిత్తము నిందలు పడిన ఒక రచయిత పేరును ఒక పల్లె తన పుస్తకాలయమునకు పెట్టుకొనుట ఆ దినములలో చిన్న సాహసము కాదు. ఆ పేరులోనే ఆ గ్రామస్థుల ఉద్దేశము తెలియుచున్నది. పురాణములు వినుటకు మండపమున్నది. క్రొత్త ఆలోచనలు చదువుటకు మరియొక చోటు కావలెనని వారు తలచిరి.

నాలుగేండ్ల పిమ్మట, 1901 సెప్టెంబరు 1వ తేదీని, హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దానికి మూలపురుషులు. ఆ నాడు నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. ప్రజలలో తెలుగువారు అధికసంఖ్యాకులయ్యును, తెలుగున చదువు చెప్పు బడులు మిక్కిలి తక్కువ. అట్టిచోట తెలుగు పుస్తకములు చేర్చి యొకచోట నుంచుటయే ఒక ప్రజాకార్యమైనది. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడినది. ఈ రెండు సంస్థలును బ్రదికి నేటికిని తెలుగువారికి సేవ చేయుచునే యున్నవి.

ఈ తొలినాటి సంస్థలన్నియు దానముమీద వెలసినవి. ఒకరు ఇల్లు ఇచ్చిరి. ఒకరు బీరువా ఇచ్చిరి. ఒకరు తమ తండ్రిగారి పుస్తకములు ఇచ్చిరి. దానమునందు పుణ్యము మెండు. కాని దానమునకు రెండు లోపములు కలవు. దాత తనకున్నది యిచ్చును గాని చదువరికి కావలసినది యిచ్చునని నిశ్చయము లేదు. మరియు దాత యొకసారి యిచ్చును; చదువరి ప్రతి సంవత్సరము అడుగును. వీనికి తోడు మూడవ చిక్కు మరియొకటి యుండెను. కొనవలెనని ధనము చేతబట్టుకొని వెదకినను, తెలుగున ప్రబంధములు, శతకములు, పురాణములు దొరికెడివి గాని, దేశచరిత్రము, ప్రకృతి శాస్త్రము, ఆరోగ్యము, మహాపురుషుల జీవితములు చెప్పు పుస్తకములు అరుదుగ నుండెను. గ్రంథాలయమునకు తలుపు తెరచిన పిమ్మట, అందుంచుటకు పుస్తకములు వ్రాయించవలసి వచ్చినది.

ఈ లోటును తీర్చుటకు 1906లో హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినది. భాషానిలయమును స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారే దీనికిని ముఖ్యులు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు వారికి తోడైరి. మండలి ప్రచురించిన మొదటి గ్రంథము, హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము, 1907లో వెలువడినది. ఒక పేద సేద్యగాని కుమారుడు తన దేశమునకు అధ్యక్షుడై, బానిసలకు విముక్తి కలిగించిన కథను తెలుగు చదువరి తన భాషలో చదివెను. ఆ మరుసటి సంవత్సరము, 1908లో, ఒక పత్రికా రచనకై ప్రభుత్వము ఆ గ్రంథకర్తను కారాగారమునకు పంపినది. అదే సంవత్సరమున మండలి మదరాసునకు తరలినది. అచ్చటినుండి చరిత్రము, జీవశాస్త్రము, పదార్థ విజ్ఞానము, రసాయన శాస్త్రము మొదలగు విషయములపై గ్రంథములు వెలువడెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము 1910లో వెలువడినది. నవలలకు పోటీలు పెట్టి బహుమానములిచ్చుటయు మండలివారు చేసినదే.

మండలి చేసిన గొప్పపని పుస్తకములు అచ్చువేయుట యొక్కటియే కాదు. శాశ్వత చందాదారుల పద్ధతిని వారు ఏర్పరచిరి. ముందుగ చందాదారుగ చేరినవారికి మండలి గ్రంథములు తక్కువ వెలకు, వెలువడినవి వెలువడినట్లుగ, తపాలాలో వచ్చెడివి. ఇందువలన ప్రచురణకర్తకు అచ్చువేయుటకు ముందే ఎన్ని ప్రతులు అమ్ముడుపోవునో తెలిసెడిది. చదువరికి ఏడాదిపొడుగున క్రొత్త పుస్తకము రాక తప్పదను నమ్మకము కలిగెడిది. ఊరి గ్రంథాలయము ఒక చందాదారుగ చేరినచో, ఒక చందాతో ఊరంతయు చదివెడిది. దానము ఒక పెద్దమనిషి ఔదార్యముమీద ఆధారపడగా, చందా పదిమంది క్రమశిక్షణముమీద ఆధారపడినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1926లో ఆంధ్ర గ్రంథమాలను ఆరంభించి, ప్రాచీన గ్రంథములను, నవీన గ్రంథములను చౌకవెలకు వెలువరించిరి. వారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయినుండి వారపత్రికగ పుట్టి, 1914లో మదరాసున దినపత్రికయై, ఎన్నో పల్లెల పఠనమందిరములకు ప్రతిదినము వచ్చు క్రొత్త పుస్తకమువంటిదైనది.

ఇట్లు అక్కడక్కడ వెలసిన గ్రంథాలయములను ఒక త్రాటిమీదికి తెచ్చిన వారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1914 ఏప్రిలు 10వ తేదీని బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను ప్రథమాంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. చిలకమర్తివారికి కన్నులు కానరావు. తాము చదువజాలని పుస్తకములను ఇతరులందరును చదువవలెనని ఆ పెద్దలు ఆ పీఠముమీద కూర్చుండుట తలచుకొన్నచో నేటికిని మనస్సు కదలును. ఆ సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. రమణయ్యగారు గ్రంథాలయ సర్వస్వమను పత్రికను నడపిరి. గ్రంథాలయ యాత్రలు చేయించిరి. ఊరూర భజనలతోను, ఉపన్యాసములతోను పుస్తకమును గూర్చి ప్రచారము చేయించిరి. 1919లో మదరాసునందు జరిగిన అఖిలభారత గ్రంథాలయ మహాసభకు ప్రేరణ ఇచ్చటినుండియే కలిగినది. ఆయన 1890లో జన్మించి 1979 వరకు జీవించి, తన యుద్యమ ఫలములను కన్నులార చూచుకొనిరి.

ఆ దినములలో చదువువచ్చినవారెందరు? 1911 జనాభా లెక్కలనుబట్టి దేశమంతటను నూటికి ఆరుగురు మాత్రమే అక్షరాస్యులు. తక్కిన తొంబదినలుగురికి గ్రంథాలయముతో పనియేమి అని అడిగినవారును ఉండిరి. ఉద్యమకారులు దానికి చేతలతో బదులుచెప్పిరి. సాయంకాలమున దీపము వెలిగించి ఒకరు చదువగా పదుగురు అరుగుమీద కూర్చుండి వినెడివారు. కొన్ని గ్రంథాలయములు రాత్రిబడులను నడపెను. హరిసర్వోత్తమరావుగారు తరువాతి కాలమున ఆంధ్ర గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షులై వయోజన విద్యకు తమ శక్తిని ధారపోసిరి. పురాణము వినుటకు అలవాటుపడిన చెవులకు పత్రికను, చరిత్రను వినుట కష్టము కాలేదు. ప్రాతత్రోవనే క్రొత్త పుస్తకము నడచినది.

త్రోవలేని చోట పుస్తకము బండి యెక్కినది, పడవ యెక్కినది, మనుష్యుని భుజమెక్కినది. బరోడా మహారాజు సాయాజీరావు గైకవాడుగారు 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని పిలిపించి, పెట్టెలలో పుస్తకములు నింపి గ్రామములకు పంపు పద్ధతిని నెలకొల్పిరి. ఒక ఊరు చదివి ముగించిన పెట్టె మరియొక యూరికి పోవును. ఆ యూరి పెట్టె ఇచ్చటికి వచ్చును. ప్రాతపుస్తకమే క్రొత్త యూరిలో క్రొత్త పుస్తకమగును. 1931లో తంజావూరు జిల్లా మన్నారుగుడి ప్రాంతమున ఎడ్లబండిమీద గ్రంథాలయము పల్లెలు తిరిగినది. మన గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువమీద పడవ గ్రంథాలయమును నడపిరి. కాలువ గట్టున పడవ యాగుటయు, రేవునకు వచ్చినవారు చదివిన పుస్తకమునిచ్చి చదువనిదానిని పుచ్చుకొనుటయు ఏండ్లతరబడి జరిగినవి. పొలమునకు నీరు వచ్చు కాలువలోనే ఇంటికి పుస్తకమును వచ్చెను.

నిజాము రాజ్యమున పని ఇంతకంటె కఠినమైనది. బహిరంగ సభలు జరుపుకొనుటకు ముందుగ అనుమతి పొందవలెనను గస్తీ నిశాన్ 53 అమలునందుండెను. రాజకీయ సభ జరుపరాని చోట గ్రంథాలయ సభయే ప్రజలు కలిసికొను చోటైనది. అందువలననే అధికారులకు ఆ పుస్తకశాలలపై కన్ను పడినది. అట్టి కాలమున, 1938లో, వట్టికోట ఆళ్వారుస్వామిగారు సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను ఆరంభించిరి. అది నాగేశ్వరరావు పంతులుగారు దివంగతులైన సంవత్సరము. దేశోద్ధారకుడని ప్రజలు పిలిచినది ఆ పంతులుగారినే. ఆ బిరుదే ఈ గ్రంథమాలకు పేరైనది. పెద్ద చదువులు చదువక, వంటపని చేసి పొట్టపోసికొనిన ఆళ్వారుస్వామిగారు పుస్తకముల మూటను మోసికొని తెలంగాణమున ఊరూర తిరిగి, ఇంటింటి ముందు నిలిచి అమ్మిరి. తపాలా జవాను చేయు పనిని, దుకాణదారుడు చేయు పనిని, ఉపాధ్యాయుడు చేయు పనిని ఆయన యొక్కరే చేసిరి.

పుస్తకము వచ్చుటయెంత ముఖ్యమో, వచ్చినదానిని నిలుపుకొనుటయు అంతే ముఖ్యమని వేటపాలెము చెప్పుచున్నది. చీరాల చెంతనున్న ఆ నేతగాండ్ర యూరిలో 1918 అక్టోబరు 15వ తేదీని ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు సారస్వత నికేతనమును స్థాపించిరి. 1929లో మహాత్మా గాంధీగారు అచ్చటికి వచ్చిరి; వారి చేతికర్ర నేటికిని అచ్చట భద్రపరుపబడి యున్నది. కాని ఆ నికేతనమునకు నిజమైన నిధి అచ్చట వరుసగ కుట్టించి దాచిన ప్రాత పత్రికల సంపుటములు. వచ్చిననాడు అవి క్రొత్త పత్రికలే. చదివిన మరునాడు పొట్లములు కట్టుటకు పోవలసినవే. ఆ యూరివారు వానిని పారవేయలేదు. నూరేండ్లు గడచిన పిమ్మట ఆంధ్రుల చరిత్రను వ్రాయువారు దేశదేశములనుండి వెదకికొనుచు ఆ పల్లెకు వచ్చుచున్నారు. నేడు గ్రంథాలయమునకు వచ్చిన క్రొత్త పత్రిక రేపటి చరిత్రకు సాక్ష్యమని ఆ బీరువాలు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇక మూడవ త్రోవను గూర్చి చెప్పుదును. చందాల కాలము వీరుల కాలము. కాని వీరులు వృద్ధులగుదురు. నడపిన పెద్దమనిషి కాలధర్మము నొందగానే ఎన్నో గ్రంథాలయములు మూతపడెను. పంటలు చెడిన సంవత్సరమున చందాలు రాకపోయెను. ఊరిలో రెండు కక్షలైన పిమ్మట ఒక కక్షవారు నడపు గ్రంథాలయమునకు రెండవ కక్షవారు చందా ఇయ్యరైరి. కావున చెరువునకు, బాటకు, బడికి వలెనే గ్రంథాలయమునకును శాశ్వతమైన రాబడి యుండవలెనని పెద్దలు కోరిరి. మదరాసు విశ్వవిద్యాలయమున 1924నుండి గ్రంథాలయాధ్యక్షులుగ నున్న ఎస్. ఆర్. రంగనాథనుగారు ఇందులకై పాటుపడినవారిలో ముఖ్యులు. గణితశాస్త్రము బోధించిన ఆ పండితుడు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించెను. పుస్తకములు ఉపయోగించుకొనుటకే యనునది మొదటిది. గ్రంథాలయము ప్రాణివలె పెరుగుచుండవలసినదను భావము ఐదవది. పెరుగుట మానిన ప్రాణికి ఏమి యగునో వేరుగ చెప్పనక్కరలేదు.

1948లో మదరాసు శాసనసభ ప్రజాగ్రంథాలయ చట్టమును చేసినది. స్వతంత్ర భారతమున అట్టి చట్టములలో ఇదియే మొదటిది. 1950 ఏప్రిలు 1వ తేదీనుండి అది అమలునకు వచ్చినది. ప్రతి జిల్లాకును ఒక స్థానిక గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. ఇంటిపన్ను రూపాయికి 6 పైలు, అనగా అర్ధణా చొప్పున, గ్రంథాలయ పన్ను విధింపబడినది. రూపాయిలో అది ముప్పదిరెండవ వంతు. హైదరాబాదు రాష్ట్రమున 1955లో అట్టి చట్టము వచ్చినది. రెండు ప్రాంతములు ఆంధ్రప్రదేశమున కలిసిన పిమ్మట, 1960లో ఒకే చట్టము చేయబడి, జిల్లా గ్రంథాలయ సంస్థలు వెలసినవి. అర్ధణా పోయి పైసలు వచ్చెను. ఈనాడు ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగ చెల్లించుచున్నాము. 2014లో తెలుగువారికి రెండు రాష్ట్రములైన పిమ్మటను రెండుచోట్ల ఈ పద్ధతియే సాగుచున్నది. ఇదిగాక 1972లో కలకత్తాయందు స్థాపింపబడిన రాజా రామమోహన రాయి గ్రంథాలయ ప్రతిష్ఠానము రాష్ట్రముల గ్రంథాలయములకు పుస్తకములు కొనుటకు తోడ్పడుచున్నది.

ఈ పన్ను స్వల్పమని తోచవచ్చును. లెక్క చూతము. ఒక గ్రామమున వేయి ఇండ్లు కలవనుకొందము. ఒక్కొక్క ఇంటికి సంవత్సరమునకు 500 రూపాయల పన్ననుకొందము. మొత్తము ఐదు లక్షలు. దానిపై రూపాయికి 8 పైసల చొప్పున 40,000 రూపాయలు గ్రంథాలయ పన్నగును. ఆ ధనమంతయు పుస్తకములకే పోదు. పత్రికలకు, అద్దెలకు, బీరువాలకు, దీపములకు ఖర్చుండును. సంపన్న గ్రామముల ధనము పేద గ్రామములకును పంచవలసి యుండును. అయినను ప్రతి సంవత్సరము ఆ యూరికి కొన్ని క్రొత్త పుస్తకములు రాకతప్పని ధనము అది. కుముదవల్లివారు 1897లో చేయిచాచి అడిగి తెచ్చుకొన్నది నేడు మనకు హక్కుగ లభించినది.

కాని హక్కు లభించినప్పుడు ఒక నష్టమును కలిగినది. చందా ఇచ్చినవాడు తన పుస్తకము రాలేదని ఉత్తరము వ్రాసెడివాడు. పన్ను ఇచ్చినవాడు తాను పుస్తకమునకు వెల చెల్లించితినను మాటయే ఎరుగడు. ఇంటిపన్నుతో కలిసి పోవుటవలన ఆ 8 పైసలు అతని కంటికి కానరావు. వసూలు చేయునది పంచాయతీ. పుస్తకములు కొనవలసినది జిల్లా సంస్థ. వసూలైన ధనము సకాలమున సంస్థకు చేరనిచో పుస్తకము రాదు. రానందులకు గ్రంథపాలకుని నిందించి ప్రయోజనము లేదు. మరియు, ఏ పుస్తకము కావలెనను నిర్ణయము ఊరినుండి పట్టణమునకు పోయినది. ఊరివారు అడుగుట మానిరి. అడుగని ఊరికి వచ్చిన పుస్తకము అక్కర తీర్చునని చెప్పజాలము.

కావున పెద్దలకు నా విన్నపము మూడు మాటలు. మొదటిది: మన పంచాయతీ వసూలు చేసిన గ్రంథాలయ పన్ను ఎంత, అందులో జిల్లా సంస్థకు చెల్లించినది ఎంత యని గ్రామసభలో సంవత్సరమున కొకసారి అడుగవలెను. ఆ లెక్క పంచాయతీ పుస్తకములలో నుండును. అడిగినవారికి చెప్పక తప్పదు. రెండవది: గ్రంథాలయమున చదువరుల కోరికలు వ్రాయుటకు ఒక పుస్తకము నుంచి, అందులో పుస్తకము పేరు, రచయిత పేరు వ్రాయవలెను. పొలమునకు పట్టిన తెగులును గూర్చిన పుస్తకము కావలెనా, పరీక్షకు చదువు బిడ్డకు కావలెనా, అమ్మలకు నవల కావలెనా, అడిగిననే తెలియును. మూడవది: కట్ట వచ్చిననాడు కొందరైనను వెళ్లి చూడవలెను. పుస్తకమునకు ముద్ర పడినదా, సంఖ్య వేయబడినదా, నమోదు పట్టికలో నెక్కినదా, బీరువాలో పేర్చబడినదా యని చూచుట ఒక గంట పని. పట్టికలో నెక్కని పుస్తకము వచ్చినను రానట్లే.

ఇంకొక మాట. మన యిండ్లలో నేడు చేతిఫోను కలదు. వార్తలు క్షణమున వచ్చుచున్నవి. ఇక గ్రంథాలయమేల అని యువకులు అడుగవచ్చును. రేడియో వచ్చిన కాలమునను ఈ ప్రశ్నయే పుట్టినది. గాలిలో వచ్చు మాట వినినంతసేపే నిలుచును. బీరువాలోని పుస్తకము తాత చదివినదే మనుమడును చదువవచ్చును. సందేహము కలిగినచో మరల తెరచి చూడవచ్చును. పదిమంది ఒకే పుటను ముందుంచుకొని వాదింపవచ్చును. బిడ్డకు చదువుకొనుటకు సందడి లేని ఒక గదియు, ఒక బల్లయు, ఒక దీపమును లేని యిండ్లు మన యూళ్లలో ఇంకను ఎన్నో కలవు. ఆ బిడ్డకు గ్రంథాలయము పుస్తకమునే కాక చోటును ఇచ్చుచున్నది.

తాటాకు కట్టనుండి తపాలా కట్టవరకు, పడవనుండి పన్నువరకు పుస్తకము మన యూరికి వచ్చిన త్రోవ దీర్ఘమైనది. ఆ త్రోవలో కొందరు ధనము నిచ్చిరి. కొందరు కారాగారమును చూచిరి. కొందరు మూటలు మోసిరి. వారు పిలిచిరి కనుక పుస్తకము వచ్చినది. మన గ్రామమున గ్రంథాలయము తలుపు రేపు సాయంకాలము తెరచియే యుండును. ఈ సంవత్సరము వచ్చిన క్రొత్త పుస్తకములు ఏవి యని ఒక్కమాట అడిగి రండు.